ఎప్పుడు పోతోంది కాదు, ఎప్పుడు ఉంటోంది: అంగస్తంభన సమస్యకు కారణం వెతికే పద్ధతి

కడపలో మా మందుల షాపు రాత్రి పదింటికి మూస్తాం. తొమ్మిదిన్నర దాటాక వచ్చే మగవాళ్లలో కొందరు నేరుగా కౌంటర్ దగ్గరికి రారు. బయట బండి మీదే కూర్చొని ఫోన్ చూసుకుంటూ ఉంటారు. లోపలున్న ఆడవాళ్లు వెళ్లిపోవాలి, ముసలాయన చిల్లర లెక్కపెట్టుకొని మెట్లు దిగాలి. అప్పుడొచ్చి ముందు ఒక పారాసిటమాల్ షీటు అడుగుతారు. అది కవర్లో వేసేలోపు గొంతు తగ్గించి అసలు మాట అంటారు: "అన్నా, ఆ పవర్ మాత్ర ఒకటి..."

పోయిన వానాకాలంలో ఒక అబ్బాయి ఇట్లాగే వచ్చాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. పెళ్లయి మూడు వారాలు. అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఆ మాట చెప్పి పంపించేయొచ్చు. కానీ ఎందుకో ఒక ప్రశ్న అడిగాను. "పొద్దున నిద్ర లేచేటప్పుడు గట్టిగా ఉంటాందా అబ్బీ?"

నా ముఖంలోకి చూడకుండానే చెప్పాడు. "అప్పుడు బాగానే ఉంటాంది నా. ఆమె పక్కన ఉన్నప్పుడే పోతాంది."

నేను డాక్టర్ని కాను, ఇరవై రెండేళ్లుగా ఫార్మసిస్టుని. ఇన్నేళ్లలో గమనించింది ఒకటుంది. ఈ సమస్యతో వచ్చేవాళ్లంతా "ఎందుకు పోతోంది?" అని తలబాదుకుంటారు. "ఎప్పుడు ఉంటోంది?" అని ఒక్కరూ ఆలోచించరు. దారి దొరికేది ఆ రెండో ప్రశ్న దగ్గరే. కింద రాసిందంతా ఆ ప్రశ్నను పట్టుకొని, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయాలో చెప్పేదే.

ముందు ఒక విషయం. అలసిపోయిన రోజో, తాగింది ఎక్కువైన రోజో ఒకసారి పట్టు లేకపోతే అది జబ్బు కాదు. ప్రతి మగవాడికీ ఎప్పుడో ఒకసారి జరిగేదే. ప్రయత్నించిన నాలుగుసార్లలో కనీసం మూడుసార్లు ఇబ్బంది అవుతూ, అది ఆరు నెలలుగా సాగుతుంటేనే డాక్టర్లు దాన్ని సమస్య కింద లెక్కేస్తారు. అందులోనూ రెండు రకాలు. ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎవరితోనైనా రాకపోవడం ఒకటి. కొన్ని సందర్భాల్లో వచ్చి కొన్నింటిలో రాకపోవడం ఇంకొకటి. మనం మాట్లాడుకునేది ఈ రెండోదాని గురించి.

లోపల జరిగేది ఇదీ

పులివెందుల పక్క చీనీ తోటలున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డ్రిప్పు పైపు గట్టిగా ఉబ్బాలంటే రెండు జరగాలి. ఇటు గేట్‌వాల్ తెరుచుకోవాలి, అటు చివర మూసి ఉండాలి. అంగం పనిచేసేదీ అట్లాగే. మనసులో కోరిక పుట్టినా, చర్మానికి స్పర్శ తగిలినా నడుము కింది నరాల ద్వారా కబురు వెళ్తుంది. ఆ నరాల కొసల దగ్గర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దానితో లోపలి కండరం వదులై రక్తం లోపలికి దూకుతుంది. స్పాంజిలాంటి ఆ గదులు నిండి ఉబ్బేసరికి, రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు పైపొరకు ఒత్తుకొని మూసుకుపోతాయి. రక్తనాళాల్లో ఈ నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. మనవాళ్లు పవర్ మాత్ర అనే సిల్డెనాఫిల్ (వయాగ్రా) అమెరికా మార్కెట్లోకి వచ్చిందీ ఆ ఏడాదే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గట్టిపడాలంటే ఆ కండరం వదులవ్వాలి. మనం అనుకునేదానికి ఇది పూర్తిగా తిరగేసిన సంగతి. ఒళ్లంతా బిగబట్టి "రా, రా" అంటే రాదు.

రాత్రిపూట సందులో కుక్క వెంటపడిందనుకోండి. అడ్రినలిన్ పొంగుతుంది, గుండె దడదడలాడుతుంది, రక్తం కాళ్లలోకి పోతుంది. ఆ క్షణంలో శరీరానికి సంసారంతో పనిలేదు, గేట్‌వాల్ బిగించేస్తుంది. చిక్కేమిటంటే వెంటపడిన కుక్కకూ, పక్క గదిలో మామగారి దగ్గుకూ శరీరానికి తేడా తెలియదు. ఆ కుక్కకూ, "ఈరోజు కూడా పోతుందేమో" అన్న భయానికీ తేడా అయితే అసలే తెలియదు. అన్నిటికీ అదే అడ్రినలిన్.

మొదటి అడుగు: రెండు వారాలు రాసిపెట్టండి

ఏ మాత్రా మింగకముందు చేయాల్సిన పని ఇది. ఫోన్లో ఒక నోట్ తెరిచి, లాక్ పెట్టుకోండి. రోజుకు రెండు మూడు ముక్కలు చాలు. నిద్ర లేచేటప్పుడు ఉందా లేదా. ఒంటరిగా ఉన్నప్పుడు ఎట్లా ఉంది. భార్యతో ఉన్నప్పుడు వచ్చిందా, వస్తే ఏ క్షణంలో పోయింది. ఎన్ని గంటలు నిద్రపోయారు, తాగారా, ఏ మందులు వేసుకున్నారు, ఇల్లెవరిది, ఆ సమయంలో బుర్రలో ఏముంది.

ఆ అబ్బాయి రెండు వారాల తర్వాత తెచ్చి చూపించిన నోట్‌లో కొన్ని వరుసలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"సోమ. పొద్దున ఉంది. రాత్రి ప్రయత్నం చేయలేదు."
"బుధ. పొద్దున ఉంది. రాత్రి బాగానే ఉండె. ఉంటుందా లేదా అని చూసుకున్నా. పోయింది."
"శుక్ర. అత్తగారింట్లో. తలుపుకు గడియ లేదు. అసలు రాలేదు."
"ఆది. మధ్యాహ్నం అమ్మావాళ్లు పెండ్లికి పోయినారు. ఊరికే పడుకొని మాట్లాడుకుంటా ఉంటే వచ్చింది. లేచి లైటు ఆపొచ్చేసరికి పోయింది."

బుధవారం రాసింది మళ్లీ చదవండి. "ఉంటుందా లేదా అని చూసుకున్నా. పోయింది." అతని జబ్బు పేరు అతనే రాసుకున్నాడు, ఆ సంగతి అతనికి తెలియదంతే.

రెండో అడుగు: రాసిందాన్ని చదవడం

ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రాత్రి నిద్రలో మూడు నుంచి ఐదుసార్లు, ఒక్కోసారి అరగంట దాకా అంగస్తంభన అవుతుంది. కలలొచ్చే నిద్ర దశలో అది దానంతటదే జరిగిపోతుంది. పొద్దున కనిపించేది ఆ వరుసలో చివరిది. నిద్రలో టెన్షన్ ఉండదు, పరీక్ష ఉండదు. కాబట్టి పొద్దున గట్టిగా ఉండి భార్య దగ్గర మాత్రమే పోతోందంటే నరాలూ రక్తనాళాలూ చాలావరకు బాగున్నాయనే అర్థం. ఇదేదో ఒక్కసారిగా, ఫలానా రోజు నుంచి మొదలైందని చెప్పగలిగితే (పెళ్లి, గొడవ, చావు, అప్పు) మనసు వైపు అనుమానం ఇంకా బలపడుతుంది.

అట్లా కాకుండా పొద్దున కూడా తగ్గిపోయి, ఒంటరిగా ఉన్నప్పుడూ పట్టు లేక, ఏడాది రెండేళ్లలో మెల్లమెల్లగా దిగజారుతూ వచ్చిందంటే ముందు శరీరాన్ని చూపించుకోవాలి.

దీన్ని గీత గీసినట్టు తీసుకోవద్దు. నిద్ర సరిగా లేనివాళ్లకు, డిప్రెషన్ ఉన్నవాళ్లకు శరీరం బాగున్నా పొద్దున కనిపించకపోవచ్చు. పొద్దున ఉన్నంత మాత్రాన షుగర్ లేదనీ కాదు. పైగా ఈ రెండూ కలిసి నడుస్తాయి. షుగర్‌తో మొదట కాస్త పట్టు తగ్గుతుంది, అది చూసి భయం పుడుతుంది, మిగతాది ఆ భయమే పోగొడుతుంది. "నీది మనసుదా, ఒంటిదా?" అని ఎవరైనా తేల్చి చెప్పమంటే నాకు చిరాకు. నలభై దాటినవాళ్లలో చాలామందికి రెండూ ఉంటాయి.

ఒక పిట్టకథ. నిద్రలో గట్టిపడుతోందా అని కొలిచే యంత్రాలు అందుబాటులో లేని చోట పోస్టల్ స్టాంపుల వరుసను రాత్రి అంగం చుట్టూ అతికించుకొని పడుకోమనేవాళ్లు. పొద్దునకు స్టాంపుల మధ్య చిల్లుల గీత చిరిగి ఉంటే నిద్రలో గట్టిపడిందని లెక్క. 1980లో దీనిమీద వైద్య పత్రికలో వ్యాసం కూడా వచ్చింది. ఇప్పుడు స్టాంపులకు అంత పని లేదు, మీ నోట్ చాలు.

మూడో అడుగు: మీ సందర్భం ఏదో పట్టుకోండి

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది ఆ బుధవారం నాటి రకం. మనిషి మంచం మీద ఉంటాడు, మనసు మాత్రం గది మూలన నిలబడి తననే చూస్తుంటుంది. ఉందా, తగ్గిందా, ఆమె గమనించిందా. 1960, 70లలో దంపతుల సమస్యల మీద పనిచేసిన అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ దీన్ని ప్రేక్షకుడి పాత్ర అన్నారు. వంట చేసేవాడు నిమిషానికోసారి మూత తీసి చూస్తుంటే అన్నం ఉడకదు, ఇదీ అంతే.

మన దగ్గర శోభనం ఈ భయాన్ని ఇంకా పెంచుతుంది. రెండు రోజులు నిద్ర లేకుండా పెళ్లి పనులు, ముక్కూమొగం తెలియని అమ్మాయి, అత్తగారిల్లు, బయట చాప మీద వదినలూ మరదళ్ల నవ్వులు. పొద్దున్నే "ఏం అల్లుడా" అని వెక్కిరింపు చూపులు. ఇట్లాంటి రాత్రి ఒళ్లు మాట వినకపోవడంలో వింతేమీ లేదు. ఆ ఒక్క రాత్రిని పట్టుకొని "నేను సంసారానికి పనికిరాను" అని ముద్ర వేసుకుంటే, రెండో రాత్రికి మంచం ఎక్కేది ఆ ముద్రే.

రాయచోటి వైపు నుంచి కువైట్ పోయిన కుటుంబాల్లో ఇంకో రకం. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు. చుట్టాలు, ఇంటి పని, బ్యాంకు పని, మధ్యలో బిడ్డ కావాలన్న ఒత్తిడి. "ఇంకా పదకొండు రోజులే" అని లెక్కపెట్టుకుంటూ ఎవరికైనా ఎట్లా వస్తుంది? పిల్లల కోసం డాక్టర్ ఫలానా తేదీల్లో కలవమని చెప్పినప్పుడు, సరిగ్గా ఆ తేదీల్లోనే పోవడం కూడా ఇదే కోవ. మిగతా రోజుల్లో బాగుంటుంది. అదే గనక మీ సంగతైతే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. తేదీల పట్టు కాస్త సడలించినా కొందరికి చాలు.

అనంతపురం పల్లెల్లో బోరు మీద బోరు వేసి నీళ్లు పడక అప్పులపాలైన రైతుకు రాత్రి పక్క మీద కనిపించేది భార్య కాదు, వడ్డీ లెక్క. నెలల తరబడి ఉత్సాహం లేకపోవడం, నిద్ర తెల్లవారుజామునే తెగిపోవడం, ఏదీ రుచించకపోవడం కూడా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు వైద్యం దానికి చేయాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే నోట్ రాసుకుంటూ కూర్చోవద్దు, ఈరోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఆ విషయం కింద మళ్లీ చెప్తాను.

ఒంటరిగా ఉన్నప్పుడు బాగుండి భార్య దగ్గర పోయేవాళ్లలో కొందరికి హస్తప్రయోగం అలవాటే చిక్కు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చిపోతాయన్నది అబద్ధం. అయితే చాలా గట్టి పట్టుతో, వేగంగా, ఫోన్లో వీడియో మారుస్తూ ఏళ్ల తరబడి అలవాటు చేసుకుంటే, శరీరం ఆ ఒక్క పద్ధతికే మరిగిపోవచ్చు. మనిషి స్పర్శ అంత బిగువుగా ఉండదు కదా.

వీర్యం పోతే బలం పోతుందన్న భయం వేరే. ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానమని తాతల కాలం నుంచి వింటున్నాం. మూత్రంలో తెల్లగా పోతోందని, స్వప్నస్ఖలనం అయిందని వణికిపోయే కుర్రాళ్లను ఇప్పటికీ చూస్తాను. ఈ భయానికి ధాతు సిండ్రోమ్ అని 1960లో పేరు పెట్టింది మన దేశపు సైకియాట్రిస్టు డాక్టర్ ఎన్.ఎన్. విగ్. వీర్యం రక్తం నుంచి పిండేది కాదు. వృషణాల్లో తయారైన కణాలకు సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ గ్రంథుల ద్రవాలు కలిసి తయారయ్యేది. పోయినకొద్దీ మళ్లీ ఊరుతుంది.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. కండోమ్ తొడుక్కునే అర నిమిషంలో పోయేవాళ్లున్నారు, ఒంటరిగా నాలుగుసార్లు తొడుక్కొని అలవాటు చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. భార్యకు నొప్పిగా ఉండి ఆమె బిగుసుకుపోతుంటే, బాధపెడుతున్నానన్న భావనతోనే మగవాడికి పోతుంది. అప్పుడు ముందు చూపించాల్సింది గైనకాలజిస్టుకు. మనసులో ఇంకొకరుండి ఇంట్లో మాటకు తలవంచి పెళ్లి చేసుకున్నవాళ్లుంటారు. ఆడవాళ్ల మీద మొదటి నుంచీ ఆకర్షణ లేని మగవాళ్లూ ఉంటారు. అది జబ్బు కాదు, దానికి మాత్ర లేదు. పెళ్లయ్యాక సర్దుకుంటుందిలే అని పెద్దలు చెప్పే మాటతో ఇద్దరి జీవితాలు నలిగిపోవడం నేను కళ్లారా చూశాను.

నాలుగో అడుగు: మనసు వేషం వేసుకొచ్చే ఒంటి కారణాలు

"అప్పుడప్పుడు ఉంటోంది కాబట్టి ఒంట్లో ఏమీ లేదు" అనుకోవడం తొందరపాటు. ఒంటి కారణాలు కూడా సందర్భాన్ని బట్టి వచ్చిపోతాయి.

శనివారం రాత్రే పోతోందా? ఆ రోజు తాగింది ఎంతో చూడండి. మద్యం జంకును పోగొడుతుంది గానీ నరాల కబురును మందగింపజేస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు పడిన వారమే పోతోందా? నిద్ర తక్కువైతే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, అలసట తోడవుతుంది. ఒకసారి వీర్యం పోయాక గంటలోనే మళ్లీ ప్రయత్నించి రాలేదంటే అది సహజం, వయసు పెరిగేకొద్దీ ఆ విరామం పెరుగుతుంది.

మాత్రల సంగతి నా కౌంటర్ మీదిదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కొత్త మందు మొదలైన వారాల్లో సమస్య మొదలైతే ముందు దాన్ని అనుమానించండి. బీపీకి ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్, నీళ్లు లాగే థయజైడ్ రకం మాత్రలు. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, పెరాక్సెటిన్, సెర్ట్రలిన్. కొన్ని మానసిక జబ్బుల మందులు. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. బీపీ మాత్ర ఆపేసి పక్షవాతం తెచ్చుకున్నవాళ్లున్నారు. "ఇది మొదలుపెట్టాక ఇట్లా అవుతోంది" అని రాసిన డాక్టర్‌కు చెబితే మార్చడానికి వేరే మందులుంటాయి.

వచ్చి, లోపలికి వెళ్లాక లేదా భంగిమ మారగానే పోవడం కొందరిలో రక్తప్రసరణ తక్కువని చెప్పే గుర్తు. వెన్ను దెబ్బతిన్నవాళ్లలో ఇంకో విచిత్రం. తలపుతో వచ్చే స్తంభనకు, స్పర్శతో వచ్చేదానికి వెన్నులో దారులు వేరు. ఒక దారి దెబ్బతిని రెండోది బాగుంటే ఒకరకంగా వచ్చి ఇంకోరకంగా రాదు. పైనుంచి చూస్తే అచ్చం మనసు సమస్యలాగే ఉంటుంది. నడుము నొప్పితోపాటు తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం పట్టు తప్పడం కూడా ఉంటే అదే రోజు ఎమర్జెన్సీకి పోవాలి.

గుండె మాట. అంగానికి వెళ్లే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె ధమని మూడు నాలుగు. కొవ్వు పేరుకుంటే ముందు తెలిసేది సన్న గొట్టంలోనే. అందుకే చాలామందిలో ఈ సమస్య గుండెపోటుకు రెండు మూడేళ్ల ముందే కనిపిస్తుంది. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటున్న నలభై ఐదేళ్లాయన "మెల్లమెల్లగా తగ్గింది" అంటే, నేను పవర్ మాత్ర మాట పక్కనబెట్టి ఈసీజీ తీయించుకోమంటాను. నడిస్తే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉందా అని అడుగుతాను.

ఐదో అడుగు: పరీక్షలు, డాక్టర్ ముందు చెప్పే మాట

మొదటి విడతలో కావలసినవి కొన్నే. బీపీ, నడుము కొలత, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్. పరగడుపు షుగర్ 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ దాటితే షుగర్ ఉన్నట్టే లెక్క, మరోసారి చేసి ఖాయం చేస్తారు. కోరికే తగ్గిపోయి ఉంటే టెస్టోస్టెరాన్ చూస్తారు. ఆ రక్తం పొద్దున పదకొండు లోపే ఇవ్వాలి, సాయంత్రం ఇస్తే సహజంగానే తక్కువ చూపిస్తుంది. తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చేయించాలి, ఒక్క రిపోర్టు పట్టుకొని ఇంజెక్షన్లు వేయించుకోవద్దు. పిల్లలు కావాలనుకునేవాళ్లు అసలే వద్దు, బయటి టెస్టోస్టెరాన్ వీర్యకణాలను తగ్గించేస్తుంది. అవసరాన్ని బట్టి ప్రొలాక్టిన్, థైరాయిడ్ కూడా రాస్తారు.

కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. సైకియాట్రీ ఓపీకి పోతే పిచ్చోడనుకుంటారని భయం వద్దు. ఈ సమస్యతో అక్కడికొచ్చేవాళ్లలో మీరు మొదటివారేమీ కాదు. నేరుగా పోవడానికి మనసొప్పకపోతే ముందు జనరల్ మెడిసిన్‌కు పోండి, వాళ్లే పంపిస్తారు. ఊరు దాటి రాలేనివాళ్లకు టెలీ మానస్ ఉంది. 14416, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు పడదు.

డాక్టర్ ముందు కూర్చోగానే చాలామంది "నీరసంగా ఉంటోంది సార్" అంటారు. ఆయన బి-కాంప్లెక్స్ రాసి పంపిస్తాడు, తప్పు ఆయనది కాదు. ఇట్లా చెప్పండి: "సార్, పెళ్లయి ఇన్నాళ్లు. పొద్దున అంగం గట్టిపడుతోంది, కలిసేటప్పుడు మధ్యలో పోతోంది. రెండు వారాలు రాసుకొచ్చాను. ఈ మందులు వాడుతున్నాను." అర నిమిషం మాట. పోయేది వీర్యం ముందే పడిపోవడం వల్లనైతే అది శీఘ్రస్ఖలనం, దాని వైద్యం వేరు. అదీ విడిగా చెప్పాలి.

ఆరో అడుగు: మాత్ర, దాని పరిధి, గోడల మీది మందులు

సిల్డెనాఫిల్ కోరికను పుట్టించదు. వచ్చిన కబురును కాసేపు నిలబెడుతుంది, అంతే. మనసు గది మూలన నిలబడి ఉంటే మాత్ర మింగినా కొందరికి పనిచేయదు. దాంతో "మాత్రకు కూడా లేవలేదు" అని ఇంకా కుంగిపోతారు. గంట ముందు వేసుకోవాలి, బిర్యానీ తిన్న కడుపు మీద వేస్తే ఆలస్యమవుతుంది, నాలుగు గంటల దాకా సాయం చేస్తుంది. ఇదే రకం ఇంకో మాత్ర టడలాఫిల్ ప్రభావం ముప్పై ఆరు గంటల దాకా ఉండొచ్చు. భయం గూడుకట్టుకున్నవాళ్లకు డాక్టర్లు కొన్ని వారాలు తక్కువ మోతాదులో రాయడం ఉంది, ధైర్యం చిక్కాక ఆపేస్తారు. అది మంచి పద్ధతే.

ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వీటిని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం తీసేంతగా పడిపోతుంది. పవర్ మాత్ర వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే సిగ్గుపడకుండా ఆ మాట ఆసుపత్రిలో చెప్పాలి. ప్రోస్టేట్‌కు మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. తలనొప్పి, ముఖం వేడెక్కడం మామూలే. చూపు ఉన్నట్టుండి మసకబారినా, గట్టిపడిన అంగం నాలుగు గంటలు దాటినా తగ్గకపోయినా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

ఇక గోడల మీద రాతలు. రైలు కిటికీలోంచి చూస్తే గుంతకల్లు నుంచి కడప దాకా "నరాల బలహీనత" అని ఎన్ని కనిపిస్తాయో లెక్కలేదు. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, గోడలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. లాడ్జీలో నెలకోరోజు క్యాంపు పెట్టే ఒకాయన దగ్గర మా దూరపు చుట్టం కోర్సు పేరుతో ముప్పై రెండు వేలు పోశాడు. ఇచ్చింది పేరులేని పొట్లాలు. మూలికల పేరుతో అమ్మే ఇట్లాంటి పొడుల్లో సిల్డెనాఫిల్ కలిపి ఉండడం చాలా దేశాల్లో బయటపడింది. అట్లాంటి పొడి పనిచేస్తే ఘనత మూలికకు పోతుంది, గుండె జబ్బున్నవాడికి ప్రమాదం మాత్రం అట్లాగే ఉంటుంది.

ఏడో అడుగు: భార్యతో మాట, తర్వాత మూడు వారాల నియమం

ఆ అబ్బాయి రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. డాక్టర్ మాత్ర రాయలేదు, మూడు వారాలు సంభోగం వద్దన్నాడు. ఆ చీటీ పట్టుకొని మా షాపుకొచ్చి, "ఏంది నా, ఉన్నది పోయిందని పోతే అసలే వద్దంటాండాడు" అని నవ్వాడు.

వద్దనడంలోనే మర్మముంది. పరీక్షే లేకపోతే ఫెయిలయ్యే భయం ఉండదు. మాస్టర్స్, జాన్సన్ మొదలుపెట్టిన పద్ధతే ఇది. అయితే ఇద్దరికీ తెలిసి చేయాలి. భర్త నోరు విప్పకపోతే భార్య తన లెక్కలు తాను వేసుకుంటుంది. నేను నచ్చలేదేమో, ఇంకెవరైనా ఉన్నారేమో అని. మంచం మీద, అప్పుడే పోయిన నిమిషంలో ఈ మాట ఎత్తొద్దు. అతను భార్యను బండి మీద దేవుని కడప తీసుకుపోయి, దర్శనం అయ్యాక చెరువు పక్కన కూర్చొని చెప్పాడట. "నీ మీద ఇష్టం లేక కాదు. భయమైతాంది. డాక్టర్ ఇట్లా చేయమన్నాడు, నువ్వు తోడుండాల." ఆమె ఏడ్చిందట. ఇన్నాళ్లుగా తనలోనే ఏదో లోపముందని అనుకుంటోందట.

మొదటి వారం, రెండు మూడు రాత్రులు, అరగంట చొప్పున. ఫోన్లు గది బయట, తలుపుకు గడియ. గడియ లేకపోతే ముందు వడ్రంగిని పిలవండి, అదీ వైద్యమే. ఒకరి తర్వాత ఒకరు చేతులు, వీపు, పాదాలు నిమరడం. రొమ్ములు, మర్మాంగాలు వద్దు. గట్టిపడినా పట్టించుకోవద్దు, పడకపోయినా అంతే. ధ్యాసంతా చర్మం మీదే. మనసు మూలకు పోతే ఎదుటివాళ్ల చేయి వెచ్చగా ఉందా, గరుకుగా ఉందా అని గమనించండి.

రెండో వారం అన్నిచోట్లా తాకొచ్చు, కలయిక మాత్రం లేదు. ఇందులోనే అసలు మందుంది. వచ్చినప్పుడు కావాలనే ఆగండి. పూర్తిగా తగ్గనివ్వండి, కబుర్లు చెప్పుకోండి, మళ్లీ మొదలుపెట్టండి. మళ్లీ వస్తుంది. "పోతే పోయినట్టే" అన్న భయం ఇక్కడ కరుగుతుంది, పోయింది తిరిగి రావడాన్ని కళ్లతో చూస్తారు కాబట్టి. మూడో వారం, ఇద్దరికీ తీరుబాటుగా ఉన్న రోజు, కదలకుండా కాసేపు లోపల ఉంచడం, తీసేయడం. గమ్యం చేరాలన్న తొందర అప్పుడూ వద్దు.

ఈ రోజుల్లో వీడియోలు మానేయడం, ఒంటరిగా ఉన్నప్పుడు పట్టు సడలించడం, మద్యం ఆపడం, రోజూ అరగంట గట్టిగా నడవడం, మూత్రం మధ్యలో ఆపేటప్పుడు బిగిసే కండరాన్ని రోజుకు మూడు పూటలా పదేసిసార్లు బిగించి వదలడం కూడా కలుపుకోండి. ఆ కండరాన్ని గుర్తుపట్టడానికి ఒకసారి చాలు, రోజూ మూత్రం ఆపి సాధన చేయొద్దు. రెండు మూడు నెలలు చేసినా మార్పు లేకపోతే సెక్స్ థెరపీ తెలిసిన సైకియాట్రిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి పోవాలి.

ఆ అబ్బాయి మళ్లీ కనిపించింది దసరా ముందు. తొమ్మిదిన్నర దాకా ఆగలేదు, సాయంత్రం ఏడింటికే, షాపు నిండా జనం ఉండగానే వచ్చి వాళ్లమ్మ బీపీ మాత్రలు అడిగాడు. డబ్బులిస్తూ ఫోన్ నా వైపు తిప్పి చూపించాడు. పదమూడో రోజు దగ్గర ఒకే ముక్క ఉంది.

"నియమం తప్పినాం."

దాని కింద ఇంకేమీ రాయలేదు.